అమ్మానాన్నల కోసం కెటిల్ కొనాలి: బోరు నీళ్లు, వంటింట్లో ఒక్కటే పవర్ ప్లగ్గు

వర్తూరు గట్టు (శనివారం, ఉదయం 7:50)

అందరికీ నమస్కారం. మేము బెంగళూరులో వర్తూరు వైపు ఒక అపార్ట్‌మెంటులో అద్దెకు ఉంటున్నాము. వచ్చే నెలలో మా అమ్మానాన్నలు ప్రొద్దుటూరు నుంచి వచ్చి ఇకపై మాతోనే ఉండబోతున్నారు. నాన్నగారికి 74 ఏళ్లు, అమ్మకు 68. ఇద్దరూ తెల్లవారుజామున నాలుగున్నరకే లేస్తారు. అమ్మకు లేవగానే పెద్ద గ్లాసుడు వేడి నీళ్లు తాగే అలవాటు ఉంది, నాన్నగారికి ఐదింటికల్లా కాఫీ పడాలి. పోయినసారి వచ్చినప్పుడు అమ్మ స్టవ్ మీద నీళ్లు పెట్టి, పూజగదిలోకి వెళ్లి, ఆ సంగతి మరిచిపోయింది. నేను లేచి వచ్చేసరికి నీళ్లన్నీ ఇగిరిపోయి గిన్నె అడుగు నీలంగా మారింది, దాని పిడికి ఉన్న ప్లాస్టిక్ కరిగి స్టవ్ మీదికి కారింది. అందుకని, నీళ్లు మరగగానే తనంతట తానే ఆగిపోయే ఎలక్ట్రిక్ కెటిల్ ఒకటి కొనాలని నిర్ణయించుకున్నాను.

ఆన్‌లైన్‌లో చూస్తే అన్నీ ఒకే మూసలో పోసినట్లు కనిపిస్తున్నాయి. దాదాపు ప్రతిదీ లీటరున్నర, 1500 వాట్లు, స్టీలు బాడీ అనే అంటోంది. గాజువి, రెండు గోడలవి, ఉష్ణోగ్రత ఎంచుకునేవి కూడా ఉన్నాయి. రెండున్నర వేల వరకూ పెట్టగలను. మా అపార్ట్‌మెంటుకు కొంత కావేరి నీరు, కొంత బోరు నీరు, ఎండాకాలంలో ట్యాంకరు నీరు కలిపి వస్తాయి. వంటింట్లో పెద్ద పిన్నుల పవర్ ప్లగ్గు ఒక్కటే ఉంది, దానికి మైక్రోవేవ్ తగిలించి ఉంది. ఏ పరిమాణం, ఏ లోహం, ఎన్ని వాట్లు తీసుకుంటే మంచిదో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

కాఫీ గింజ (శనివారం, ఉదయం 8:25)

గట్టు గారూ, ముందుగా వాట్ల భయం తీసేస్తాను. పాతిక డిగ్రీల దగ్గర ఉన్న లీటరు నీటిని మరిగించడానికి కావలసిన వేడి ఎప్పుడూ ఒక్కటే, సుమారు 300 కిలోజౌళ్లు. 1500 వాట్ల కెటిల్ ఆ వేడిని మూడున్నర నిమిషాలలోపే ఇవ్వాలి, కాని కెటిల్ గోడలూ ఆవిరీ కొంత మింగేస్తాయి కాబట్టి నాలుగు నిమిషాలు అనుకోండి. 1000 వాట్లదైతే ఆరు నిమిషాలు పడుతుంది. కరెంటు ఖర్చు రెండింటిలోనూ ఇంచుమించు సమానమే, లీటరుకు యూనిట్‌లో పదో వంతు. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచేవారికి ఆ రెండు నిమిషాల తేడా తేడా కాదు. ఎక్కువ వాట్లు ఉంటే బిల్లు పెరుగుతుందని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు.

కాఫీ గురించి ఒక మాట. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది కాబట్టి ఇక్కడ నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మీ నాన్నగారు వచ్చిన మొదటి వారమే ‘ఇక్కడి కాఫీలో వేడి లేదు’ అంటారు, సిద్ధంగా ఉండండి. మా మామగారు నెల్లూరు నుంచి వచ్చిన ప్రతిసారీ అంటారు. ఫిల్టర్ డికాషన్‌కు మాత్రం ఆ మూడు డిగ్రీల లోటు అడ్డు కాదు, పొడి మాడు వాసన రాకుండా ఇంకా మేలే చేస్తుంది.

మారతహళ్లి పీజీ (శనివారం, ఉదయం 9:10)

అన్నా, నాది చిన్న అనుమానం. నీళ్లు 97కే మరిగితే, 100 డిగ్రీలు వచ్చాక ఆగేలా చేసిన కెటిల్ ఇక్కడ ఆగకుండా మరుగుతూనే ఉంటుందా? మా పీజీలో కెటిల్ పెట్టుకోనివ్వరు కాబట్టి నాకు ప్రయోగం చేసి చూసే వీలు లేదు.

రిటైర్డ్ కెమిస్ట్రీ మాస్టారు (శనివారం, ఉదయం 10:40)

మంచి ప్రశ్న వేశావు నాయనా. మామూలు కెటిల్‌కు 100 అనే అంకెతో పని లేదు. నీళ్లు సలసల కాగినప్పుడు పుట్టే ఆవిరి మూత దగ్గరి సందులోంచి పిడి లోపలి గొట్టం గుండా కిందికి వెళ్లి, స్విచ్చి దగ్గర ఉన్న ఒక చిన్న బిళ్లను తాకుతుంది. ఆ బిళ్ల రెండు వేర్వేరు లోహాల రేకులను అతికించి చేసినది. వేడికి ఒక లోహం ఎక్కువగా, రెండోది తక్కువగా సాగడం వల్ల బిళ్ల టక్కున వంగి స్విచ్చిని ఎగరగొడుతుంది. అంటే కెటిల్‌ను ఆపేది నీటి వేడి కాదు, ఆవిరి. నీళ్లు 97కు మరిగినా, కొండ మీద 90కి మరిగినా ఆవిరి వస్తుంది, స్విచ్చి పడుతుంది.

ఇందులోనే మీరందరూ గుర్తుంచుకోవలసిన విషయం ఒకటి ఉంది. మూత సరిగా పడకపోతే ఆవిరి గొట్టంలోకి వెళ్లకుండా పైకే పోతుంది, అప్పుడు కెటిల్ ఆగదు. నీళ్లను మెడ దాకా నింపినా, బాగా తక్కువగా పోసినా ఇబ్బందే. అందుకే లోపల గరిష్ఠం, కనిష్ఠం అని గీతలు ఉంటాయి. అడుగున మరో రక్షణ బిళ్ల కూడా ఉంటుంది, నీళ్లు లేకుండా ఆన్ చేస్తే అది పనిచేసి కరెంటును తెంపుతుంది. గట్టు గారి అవసరానికి ఈ రెండు రక్షణలూ తప్పనిసరి. పెట్టె మీద ఐఎస్ఐ గుర్తు ఉందో లేదో, దాని పక్కన ఐఎస్ 367 అనే ప్రమాణం సంఖ్య ఉందో లేదో చూసుకోండి. ఎలక్ట్రిక్ కెటిళ్లకు ఉన్న భారతీయ ప్రమాణం అదే.

వైరింగ్ మేస్త్రి (శనివారం, మధ్యాహ్నం 1:15)

నేను ఇరవై ఏళ్లుగా ఈ ఊళ్లో ఇళ్ల వైరింగ్ పని చేస్తున్నాను. కెటిల్ ఏదైనా కొనండి, ముందు ప్లగ్గు సంగతి తేల్చుకోండి.

1500ను 230తో భాగిస్తే ఆరున్నర యాంపియర్లు వస్తుంది. చిన్న పిన్నుల సాకెట్ ఆరు యాంపియర్లకు చేసినది. సెల్‌ఫోనూ, మిక్సీ, టీవీ పెట్టుకునే ఆ సాకెట్‌లో కెటిల్ పెడితే మొదటి రోజు ఏమీ కాదు, మొదటి నెల కూడా ఏమీ కాదు. రోజూ నాలుగైదుసార్లు వాడుతూ పోతే లోపలి ఇత్తడి పట్టు వదులవుతుంది, వదులైన చోట వేడి పుడుతుంది, వేడికి పట్టు ఇంకా వదులవుతుంది. చివరికి తెల్లటి ప్లేటు ఒక పిన్ను చుట్టూ పసుపురంగుకు, ఆపైన గోధుమరంగుకు తిరుగుతుంది. నన్ను పిలిచే సమయానికి చాలా ఇళ్లలో అది గోధుమరంగు దాటి నల్లబడి ఉంటుంది. పెద్ద పిన్నును చిన్న సాకెట్‌లోకి దూర్చే కన్వర్టర్ ముక్కలు పది, ఇరవై రూపాయలకు దొరుకుతాయి. కెటిల్‌కు, ఇస్త్రీపెట్టెకు, గీజరుకు వాటిని పొరపాటున కూడా వాడకండి. ఎక్స్‌టెన్షన్ బోర్డు కూడా వద్దు.

మైక్రోవేవ్ ఉన్న పవర్ ప్లగ్గులోనే వంతులవారీగా పెట్టుకోవచ్చు. కాని పెద్దవాళ్లు తెల్లవారుజామున మైక్రోవేవ్ వైరు పీకి, కెటిల్ వైరు పెట్టి, మళ్లీ మార్చడం జరిగే పని కాదు. ఇల్లుగలాయనను అడిగి ఇంకొక 16 యాంపియర్ల సాకెట్ వేయించండి. పాత సాకెట్ నుంచి కొక్కెం లాగినట్లు లాగకుండా, డీబీ (ఇంటి మెయిన్ స్విచ్చులు ఉండే పెట్టె) నుంచి విడిగా 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ, ఎర్తింగ్‌తో సహా తెప్పించండి. సింకుకు, కుళాయికి దూరంగా ఉండాలి.

ఇందిరానగర్ ఇల్లాలు (శనివారం, సాయంత్రం 4:30)

మేస్త్రిగారు చెప్పినది నూటికి నూరుపాళ్లు నిజం. దానికి తోడు జనరేటరు సంగతి కూడా చూసుకోవాలి. చాలా అపార్ట్‌మెంట్లలో కరెంటు పోయినప్పుడు ఫ్లాటుకు ఇంత అని కొలిచి ఇస్తారు. మా పాత ఫ్లాటులో ఒక కిలోవాటే ఇచ్చేవారు. ఒకరోజు కరెంటు పోయి జనరేటరు అందుకున్న సమయంలో మా అత్తయ్యగారు అలవాటు కొద్దీ కెటిల్ నొక్కారు, ఇల్లంతా చీకటైపోయింది. కాసేపటికి దీపాలు వచ్చాయి, కెటిల్ ఇంకా ఆన్‌లోనే ఉండడం వల్ల మళ్లీ పోయాయి. ఇలా మూడుసార్లు జరిగాక ఆవిడ భయపడి, నేను ఆఫీసు నుంచి వచ్చేదాకా దాన్ని ముట్టుకోలేదు. ఇంట్లో బ్యాటరీ ఇన్వర్టర్ ఉన్నవారికీ ఇదే చిక్కు, మామూలుగా ఇళ్లలో పెట్టుకునే ఇన్వర్టర్ కెటిల్‌ను మోయలేదు. మీ మెయింటెనెన్స్ వారిని అడిగి ఫ్లాటుకు ఎంత ఇస్తారో తెలుసుకోండి. పెద్దవాళ్లకు ‘ఫ్యాను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు కెటిల్ వద్దు’ అని చెప్పే బదులు, లిఫ్టు దగ్గర జనరేటరు చప్పుడు వినిపిస్తే వద్దు అని చెప్పడం సులువు. మేము అలాగే నేర్పాము.

వర్తూరు గట్టు (శనివారం, సాయంత్రం 6:05)

చాలా ధన్యవాదాలు. ఇప్పుడే వెళ్లి అడిగాను, మాకు కూడా ఒక కిలోవాటేనట. సాకెట్ విషయం ఇల్లుగలాయనకు చెప్పాను. ఖర్చు నేను పెట్టుకుంటే తనకు అభ్యంతరం లేదన్నారు.

ఇంకొక సందేహం. గ్యాసుతో పోలిస్తే డబ్బు మిగులుతుందా? మేము 200 యూనిట్ల లోపు వాడేవారికి కర్ణాటక ప్రభుత్వం ఉచిత కరెంటు ఇచ్చే గృహజ్యోతి పథకంలో ఉన్నాము, నెలకు 170 యూనిట్ల దాకా వస్తుంది.

కాఫీ గింజ (శనివారం, రాత్రి 7:20)

కరెంటుకు డబ్బు కట్టే లెక్కలో చూస్తే మిగలదు, పోదు. 14.2 కిలోల సిలిండరు సుమారు 850 రూపాయలు అనుకుని, స్టవ్ మంటలో అరవై శాతం దాకా గిన్నెకు అందుతుందని లెక్క వేస్తే లీటరు నీళ్లు కాయడానికి 70 పైసలు అవుతుంది. కెటిల్‌లో యూనిట్ ఆరు రూపాయల లెక్కన 60 పైసలు. చిన్న గిన్నెను పెద్ద బర్నరు మీద పెట్టి పక్కలనుంచి మంట పోనిచ్చే ఇంట్లో గ్యాసు ఇంకొంచెం ఎక్కువ ఖర్చవుతుంది. ఈ లెక్కలో నెలకు పదీ ఇరవై రూపాయల వ్యవహారమే.

గృహజ్యోతి కోసం మాత్రం ఒకసారి ఆలోచించండి. రోజుకు మూడు లీటర్లు కాచినా నెలకు తొమ్మిది, పది యూనిట్లే పెరుగుతాయి. దానివల్ల మీరు 200 దాటరు. కాని ఇద్దరు పెద్దవాళ్లు పగలంతా ఇంట్లో ఉంటే ఫ్యాన్లు, టీవీ, గీజరు కూడా పెరుగుతాయి. 200 దాటిన నెలలో మొత్తం బిల్లు కట్టాలి. ఆ పాపం మాత్రం కెటిల్ మీద వేయకండి.

రిటైర్డ్ కెమిస్ట్రీ మాస్టారు (శనివారం, రాత్రి 9:00)

ఇప్పుడు అసలు విషయానికి వద్దాము. బెంగళూరు తూర్పు భాగంలో కెటిల్‌ను పాడుచేసేది వాడకం కాదు, నీరు. 2024 అక్టోబరులో కావేరి నీటి పథకం ఐదో దశ మొదలయ్యాక నగరం చుట్టూ ఉన్న 110 గ్రామాల పరిధిలోకి నది నీరు రావడం ఆరంభమైంది కాని, మీరు చెప్పినట్లు చాలా అపార్ట్‌మెంట్లలో సంపులో బోరు నీరూ, ట్యాంకరు నీరూ కలుస్తూనే ఉన్నాయి. తాగే నీటిలో మొత్తం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలని, వేరే ఆధారం లేనప్పుడు 600 దాకా సరిపెట్టుకోవచ్చునని మన ప్రమాణం ఐఎస్ 10500 చెబుతుంది. మా ఇంటి బోరు నీటిని కిట్టుతో పరీక్షించినప్పుడు 480 వచ్చింది.

అటువంటి నీటిలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బనేట్ మరిగినప్పుడు విడిపోయి, కరగని కాల్షియం కార్బనేట్‌గా మారి అడుగున కూర్చుంటుంది. ఇది గోడకు వేసే సున్నపు పూత ఎండాక మిగిలే పదార్థమే. మొదట తెల్లటి పొడిలాగా, వేలితో రాస్తే పోయేలా ఉంటుంది, నెల తరవాత పెచ్చు కడుతుంది. పెచ్చు వేడిని సరిగా పోనివ్వదు కాబట్టి అడుగు పళ్లెం నీటికంటే చాలా ఎక్కువ వేడెక్కుతుంది. అప్పుడు కింద ఉన్న రక్షణ బిళ్ల, నీళ్లు లేవని పొరబడి, మరగకముందే ఆపేస్తుంది. ‘కెటిల్ సగం వేడికే ఆగిపోతోంది’ అని వారంటీ కోసం తిరిగే ఇళ్లలో చాలాచోట్ల జరిగేది ఇదే. నీళ్లు కాగేటప్పుడు వచ్చే రొద కూడా పెచ్చు పెరిగేకొద్దీ పెరుగుతుంది.

పరిష్కారం కష్టం కాదు. కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) ఒక చెంచాడు వేసి, అర లీటరు నీళ్లు మరిగించి, ఇరవై నిమిషాలు వదిలి, పారబోసి, మంచినీళ్లతో రెండుసార్లు మరిగించి పారబోయండి. నిమ్మచెక్కలైనా, వెనిగరైనా పనిచేస్తాయి, వెనిగరు వాసన మాత్రం కాఫీని రెండు రోజులు వదలదు. స్టీలు పీచుతో రుద్దకండి. గీతలు పడిన చోటే మళ్లీ పెచ్చు త్వరగా పట్టుకుంటుంది.

అందువల్ల నా సలహా ఇది. లోపల కాయిల్ బయటికి కనిపించే పాత రకం వద్దు, అడుగు చదునుగా ఉన్నది తీసుకోండి. నోరు మీ అరచేయి దూరేంత వెడల్పుగా ఉండాలి. లోపల చేయి దూరని కెటిల్ ఎంత అందంగా ఉన్నా ఈ ఊరి నీటికి పనికిరాదు.

కె.ఆర్.పురం కోడలు (ఆదివారం, ఉదయం 6:40)

మాస్టారుగారూ, ఆర్వో నీళ్లు పోస్తే పెచ్చు కట్టదు కదా? మా ఇంట్లో రెండేళ్లుగా ఆర్వో నీళ్లే పోస్తున్నాము. ఇప్పటికీ అడుగు అద్దంలా ఉంది.

రిటైర్డ్ కెమిస్ట్రీ మాస్టారు (ఆదివారం, ఉదయం 7:15)

నిజమేనమ్మా, ఆర్వో చాలామటుకు ఆ లవణాలను తీసేస్తుంది. కాని పోసేది ఎవరు అన్నది ముఖ్యం. ఆర్వో కుళాయి సన్నగా కారుతుంది, లీటరు నిండడానికి రెండు నిమిషాలు నిలబడాలి. పక్కనే సింకు కుళాయి ధారగా వస్తుంటే, ‘ఎలాగూ మరిగిస్తున్నాం కదా’ అని పెద్దవాళ్లు అటే తిప్పుతారు. మరిగిస్తే క్రిములు చస్తాయి, ఆ మాట నిజం. నీటిలో కరిగి ఉన్న ఫ్లోరైడూ, నైట్రేట్లూ మాత్రం ఎక్కడికీ పోవు, పైగా ఆవిరైన మేరకు ఇంకొంచెం చిక్కబడతాయి.

కె.ఆర్.పురం కోడలు (ఆదివారం, ఉదయం 7:50)

మా ఇంట్లో అందుకే రాత్రి పడుకునేముందు రాగి బిందెలో ఆర్వో నీళ్లు నింపి కెటిల్ పక్కనే పెడతాము. పొద్దున్నే గ్లాసుతో ముంచి పోసుకుంటారు. ఎంత కావాలో అంతే పోస్తారు కాబట్టి నీళ్లూ, కరెంటూ వృథా కావు.

చెన్నై నుంచి చెల్లెలు (ఆదివారం, ఉదయం 9:30)

నేను చెన్నైలో వేళచ్చేరి వైపు ఉంటాను. మా నీళ్లు కూడా మీవాటికి ఏమీ తీసిపోవు. మొదట గాజు కెటిల్ కొన్నాను. లోపల నీలిరంగు దీపం వెలుగుతూ ముచ్చటగా ఉండేది. వారం తిరగకుండానే గాజు లోపల పొగమంచు కమ్మినట్లు తెల్లటి పొర వచ్చింది. వచ్చినవాళ్లందరికీ అదే కనిపించేది. ఒక రకంగా మంచిదే, ఎప్పుడు కడగాలో అదే చెప్పేది. ఆరో నెలలో సింకు అంచుకు తగిలి మూతి దగ్గర పెంకు ఊడింది. పెద్దవాళ్లు వాడే ఇంట్లో గాజు వద్దని నా అభిప్రాయం.

ఇంట్లో పసిపిల్లలు ఉన్నవారికి మాత్రం ఉష్ణోగ్రత ఎంచుకునే రకం ఉపయోగపడుతుంది. పాలపొడిని 70 డిగ్రీలకు తగ్గని వేడి నీటిలో కలిపి, తరవాత చల్లార్చి పట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంత వేడి చేతితో తాకి కనుక్కునేది కాదు. పెద్దవాళ్లకు ఆ మీటలన్నీ తలనొప్పి, ఒక్క మీట ఉన్నదే నయం.

మారతహళ్లి పీజీ (ఆదివారం, ఉదయం 11:00)

గట్టు అన్నా, ఇంతకన్నా ఒక ఇండక్షన్ స్టవ్ కొంటే నీళ్లూ కాచుకోవచ్చు, పాలూ కాచుకోవచ్చు, నూడుల్సూ చేసుకోవచ్చు కదా? కెటిల్‌లో పాలు కాచకూడదంటారు.

ఇందిరానగర్ ఇల్లాలు (ఆదివారం, మధ్యాహ్నం 12:20)

తమ్ముడూ, ఆయన కొనేది మరిచిపోయినా ఆగిపోయే వస్తువు. ఇండక్షన్ మీద టైమరు పెట్టాలి, పెట్టడం మరిచిపోతే అది కూడా స్టవ్ లాంటిదే.

పాల విషయంలో నువ్వు విన్నది నిజమే. పాలు పొంగేది మరుగు అందీ అందకముందే. నురగ ఆవిరి గొట్టంలోకి, మూతి గుండా బయటికి వచ్చి కింద ఉన్న కరెంటు పీఠం మీదికి కారుతుంది. మీగడ అడుగున మాడి అంటుకుంటుంది, ఆ వాసన ఎన్నిసార్లు కడిగినా పోదు. గట్టు గారూ, మీ నాన్నగారి కాఫీకి పాలు ఎలాగూ స్టవ్ మీదే కాచాలి. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. కెటిల్ వచ్చినంత మాత్రాన ఐదింటికి స్టవ్ వెలగడం ఆగదు. మేము రాత్రే పాలు కాచి ప్లాస్కులో పోసి ఉంచుతాము. డికాషన్ కూడా రాత్రే తీసి పెడతాము. తెల్లవారి ఫిల్టరు గిన్నెను కెటిల్‌లోని వేడి నీటిలో ఐదు నిమిషాలు నిలబెడితే డికాషన్ మళ్లీ పొగలు కక్కుతుంది.

వర్తూరు గట్టు (ఆదివారం, మధ్యాహ్నం 1:05)

నిజం చెప్పాలంటే పాల సంగతి నాకు తట్టనే లేదు. అసలు ప్రమాదం అక్కడే మిగిలిపోయేది. ప్లాస్కు ఉపాయం బాగుంది.

ఇక పరిమాణం చెప్పండి. లీటరున్నర తీసుకోనా?

కాఫీ గింజ (ఆదివారం, మధ్యాహ్నం 2:10)

తీసుకోండి. చుట్టాలు వచ్చినప్పుడు పనికొస్తుంది. చిన్నది కొని తరవాత బాధపడినవారిని చూశాను. పెద్దదానిలో తక్కువ కాచుకోవచ్చు, చిన్నదానిలో ఎక్కువ కాచలేము.

ఇందిరానగర్ ఇల్లాలు (ఆదివారం, మధ్యాహ్నం 2:45)

నేను ఒప్పుకోను. చుట్టాలు వచ్చేది ఏడాదికి నాలుగుసార్లు, అమ్మగారు దాన్ని ఎత్తేది రోజుకు నాలుగుసార్లు. లీటరున్నర నీళ్లతో నిండిన స్టీలు కెటిల్ రెండుంబావు కిలోలకు పైగా ఉంటుంది. దాన్ని పక్కనున్న పిడితో, ఒక్క మణికట్టు మీద ఎత్తి వంచాలి. మరుగుతున్న నీళ్లు కాబట్టి రెండో చేయి ఆసరా పెట్టడానికి ఉండదు. మా అత్తయ్యగారికి వేళ్ల కీళ్ల నొప్పులు ఉన్నాయి. ఆవిడ లీటరున్నర కెటిల్‌ను గ్లాసులోకి వంచేటప్పుడు మణికట్టు వణికి, మూతి గ్లాసు అంచుకు తగిలి, నీళ్లు వంటింటి గట్టు మీద పడ్డాయి. ఆవిడ కాలు వెనక్కి తీసుకోవడం వల్ల సరిపోయింది. ఆ మర్నాడే 0.8 లీటర్లది తెచ్చాను.

రెండు గోడల రకం గురించి కూడా చెబుతాను. బయటి గోడ చల్లగా ఉండి చేయి కాలదు, నీళ్లు కూడా ఎక్కువసేపు వేడిగా ఉంటాయి. దాని బరువు మాత్రం కొంత ఎక్కువే. లీటరు లోపు పరిమాణంలో దొరికితే పెద్దవాళ్లకు అంతకంటే మంచిది లేదు.

కాఫీ గింజ (ఆదివారం, మధ్యాహ్నం 3:00)

మీరు చెప్పాక నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. నేను నా చేయితోనే ఆలోచించాను.

వైరింగ్ మేస్త్రి (ఆదివారం, సాయంత్రం 5:40)

చిన్నదానిలో ఇంకొక లాభం ఉంది. లీటరు లోపు కెటిళ్లు కొన్ని వెయ్యి వాట్ల దగ్గర వస్తాయి. నాలుగున్నర యాంపియర్లు కూడా లాగవు, సాకెట్‌కు సుఖం. జనరేటరు ఒక కిలోవాటు అన్నారు కాబట్టి అప్పుడు ఫ్యానూ, ఫ్రిజ్జూ కలిస్తే ఇది కూడా ట్రిప్ అవుతుంది, ఆ జాగ్రత్త మాత్రం తప్పదు. కొనేటప్పుడు అడుగున ఉన్న రేకు మీద వాట్లు చదవండి. పెట్టె మీద పెద్దక్షరాలతో వేసినదానికీ రేకు మీద ఉన్నదానికీ ఒక్కోసారి పొంతన ఉండదు.

వర్తూరు గట్టు (తరువాతి నెల, బుధవారం, రాత్రి 8:30)

అందరికీ మళ్లీ నమస్కారం. అమ్మానాన్నలు వచ్చి మూడు వారాలైంది. కెటిల్‌ను ఆన్‌లైన్‌లో కాకుండా, అమ్మను వెంటబెట్టుకుని మారతహళ్లిలో ఒక దుకాణానికి వెళ్లి కొన్నాను. ఆ పని చేసినందుకు చాలా సంతోషంగా ఉంది. ఎందుకంటే నేను మనసులో ఖాయం చేసుకుని వెళ్లిన కెటిల్‌ను అమ్మ చేతిలోకి తీసుకుని, మూత తెరిచే మీటను బొటనవేలితో రెండుసార్లు నొక్కి, ‘ఇది నాకు రాదురా’ అని తిరిగి గల్లా మీద పెట్టేసింది. మీట బిగువుగా ఉంది. నేను నొక్కితే తేలికగానే తెరుచుకుంది. మూతను చేత్తో పైకి లాగి తీసే రకం అడిగి చూశాము. దుకాణదారు ఓపిగ్గా ఐదారు తీశారు. అమ్మ ఒక్కోదానిలో చేయి పెట్టి అడుగు తాకి చూసింది, చివరికి లీటరుకు కాస్త తక్కువ పట్టే రెండు గోడల కెటిల్ ఎంచుకుంది. వెయ్యి వాట్లది. ఐఎస్ఐ గుర్తు ఉంది. నీళ్లు పోసి ఎత్తి చూస్తానంటే దుకాణదారు నవ్వి, తాను తాగే సీసాలోని నీళ్లు పోసి ఇచ్చారు.

కొత్తలో ప్లాస్టిక్ వాసన వచ్చింది, మూడుసార్లు మరిగించి పారబోశాక పోయింది. రాత్రిపూట బిందె, పాలకు ప్లాస్కు, రెండూ మొదలుపెట్టాము. బిందె మొదటి వారం మాత్రమే నిండింది. ఇప్పుడు అమ్మ సింకు కుళాయి కిందే పెడుతోంది, మాస్టారుగారు చెప్పినట్లే జరిగింది. నాన్నగారు ‘వేడి లేదు’ అన్నారు, రెండో రోజే అన్నారు. నీటిలో తెల్లటి రేకులు తేలుతున్నాయి. తాగితే ప్రమాదమా?

రిటైర్డ్ కెమిస్ట్రీ మాస్టారు (బుధవారం, రాత్రి 9:10)

ఆ రేకులు సున్నపు పెచ్చు ముక్కలే. అవి పొట్టలోకి వెళ్లినా హాని లేదు. సింకు కుళాయిలో వచ్చే సంపు నీరు తాగడానికి తగినదో కాదో మాత్రం పరీక్ష చేయించకుండా చెప్పలేము. రేకులు కనిపించడం నిమ్మ ఉప్పు వేళ అయిందని గుర్తు. కుళాయి నీళ్లే పోసేట్లయితే వారానికొకసారి వేయండి. రాత్రి మిగిలిన నీళ్లను కెటిల్‌లో ఉంచకుండా వంపేయమని అమ్మగారికి చెప్పండి. బిందెను ఆర్వో దగ్గర కాకుండా కెటిల్ పక్కనే, చేతికి అందే ఎత్తులో పెట్టి చూడండి.

వర్తూరు గట్టు (బుధవారం, రాత్రి 9:25)

అలాగే మాస్టారూ. మేస్త్రిగారూ, కొత్త సాకెట్ వేయించాను. సాకెట్ పట్టు వదులైతే వేడెక్కుతుందని మీరు అన్నారని ఈ రోజు కెటిల్ ఆగగానే ప్లగ్గు తీసి పిన్నులు తాకి చూశాను. కొంచెం గోరువెచ్చగా ఉన్నాయి. ఇది మామూలేనా?

వైరింగ్ మేస్త్రి (బుధవారం, రాత్రి 9:50)

గోరువెచ్చగా ఉంటే మామూలే. వేలు పెట్టలేనంత వేడిగా ఉన్నా, మూడు పిన్నుల్లో ఒక్కటే ఎక్కువ కాలినా, ప్లగ్గు పెట్టినప్పుడు బిగువు లేకుండా ఊగినా నాకు చెప్పండి. ఈసారి చూసేటప్పుడు ముందు స్విచ్చి ఆపి, తరవాత ప్లగ్గు తీయండి. తడి చేతులతో మాత్రం వద్దు.